దూడని చూపించాకే

“పప్పు సూసుకుంటానే టైపు సెయ్యొచ్చు కదమ్మా. సదూకున్నదానివి, నీకదో లెక్కేటి” అన్నారు మావయ్య, వంటింటి గుమ్మం దగ్గరికి కుర్చీ లాక్కుని.

మేముండే ఈ హిందీ ఊరు బారిడీహ్‌లో మన తెలుగు సంఘం వాళ్ళు సంచిక వేస్తున్నారు. ఎవరి ఊరి సంగతులు వాళ్ళు రాసివ్వాలట. మావయ్య ఆదిబాబు గారి తాతముత్తాతలు వంశధార అవతల ఒక దివాణంలో పశువుల సాలకి పెద్దలు. జమీందారీ పోయింది, కోట కూలిపోయింది, ఆ ఆవుల జాతి మాత్రం ఇంకా నిలిచే ఉందని ఆయన గర్వం. కొత్తవాళ్ళకి ఇంటిపేరు కన్నా ముందు ఆ మాటే చెప్తారు. మా పుట్టింట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఆ డిగ్రీ ఈ ఇంట్లో కరెంటు బిల్లుకీ, మా ఆయన అమర్ ఫ్యాక్టరీ గేట్‌పాస్ దరఖాస్తుకీ పనికొచ్చింది. ఇప్పుడు దివాణం ఆవులకి. నేను కాదనలేదు. కాదనడం నాకు అలవాటు లేదు.

ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. ఆ దివాణంలో ఆవుల వంశం తల్లి పేరు మీదే నడిచేదట. “గవరమ్మ కూతురు సిరిమల్లి. సిరిమల్లి కూతురు బొట్టుది. దాని కూతురు వెన్నెల...” అంటూ ఎక్కడా తడుముకోకుండా తన చిన్నప్పటి ఆవు దాకా వచ్చారు. ఆయన చెప్పింది చెప్పినట్టు కొడుతున్నాను. రవికె లోపల గుడ్డ ఒరుసుకుంటోంది. పాలు ఇంకిపోవాలని అత్తమ్మ బిగించి కట్టిన పాత చీర ముక్క అది. కిందటి వారమే నాకు నెలలు నిండకుండా కానుపయింది, బిడ్డ దక్కలేదు. ఆడపిల్లని నర్సు చెప్తే తెలిసింది. నాకు మెలకువ వచ్చేసరికి మావయ్యా, అమరూ తీసుకెళ్ళిపోయారు. “చూడకపోవడమే అచ్ఛా హై, చూస్తే నీకే కష్టం” అన్నాడు అమర్ తిరిగొచ్చాక. ఇంటికొచ్చాక మంచం మీద వాలబోతుంటే అత్తమ్మ గుమ్మంలోంచే, “బతికిన బిడ్డకైతే పురుడు. దీనికి పురుడేటి? తలకి పోసుకుని పొయ్యి ముట్టించు” అంది. పోసుకున్నాను. ముట్టించాను.

“ఇది జాగర్తగా రాయమ్మా” అన్నారు మావయ్య, ముందుకు వంగి. “దూడ సచ్చి పుడితే తల్లికి సూపించకుండా తియ్యకూడదు. తల్లి దాన్ని నాకాల, వాసన సూడాల. తనకు తానే మొకం తిప్పుకున్నాక తియ్యాల. జమీందారొచ్చి తియ్యరా అన్నా మా తాత తియ్యలేదు.”

“ఎందుకు మావయ్యా?”

“సూపించకపోతే అది వొప్పుకోదు. ఎతుకుతానే ఉంటాది. మేత ముట్టదు. కనపడిన దూడనల్లా వాసన సూత్తాది.”

అదీ కొట్టాను. మొన్న పక్కింటి రజని తన పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. నేను వాడి మాడు మీద ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాను. అత్తమ్మ గబుక్కున వచ్చి వాణ్ణి లాక్కుంది. “పరాయి పిల్లల్ని అలా సూడకు” అంది.

పప్పు మాడుతున్న వాసన వచ్చింది. పొయ్యి కట్టేశాను.

“మావయ్యా, నా పిల్లని ఎక్కడ పెట్టారు?”

అమర్ టీవీ ముందునుంచి తల తిప్పాడు. “అరె, ఛోడో కల్యాణీ, వదిలెయ్. ఇప్పుడెందుకు?”

“సువర్ణరేఖ ఏటి గట్టునే అమ్మా” అన్నారు మావయ్య.

“గట్టున ఎక్కడ?”

ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు రిమోట్ వైపు చూశాడు.

“ఇసకలోన... పక్కన పొదలున్నాయి. వానొచ్చేత్తందని తొందరగా వొచ్చేసినాం. గురుతెట్టుకోలేదమ్మా.”

గవరమ్మ నుంచి వెన్నెల దాకా తడుముకోని మనిషి కుర్చీ చేతిని పదే పదే తడుముతున్నారు.

ఫోను ఆయన ఒళ్ళో పెట్టాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి అత్తమ్మ, “ఈ ఏళప్పుడు ఎక్కడికే? బువ్వెవరు పెడతారు?” అంది.

“స్కూటర్ తియ్యి” అన్నాను అమర్‌తో. “గట్టు మొదట్నుంచీ చూసుకుంటూ పోదాం. నేనింకా మొహం తిప్పుకోలేదు.”