అడుగు సొరుగు ముందు మోకాళ్లు

గౌదెంత్సియో పోయిన పూట ఎర్సీలియా ఏడవలేదు. ఏడవడానికి తీరికేదీ? మొగుణ్ణి సాగనంపాల్సిన నల్లకోటు అక్రోటు చెక్క బీరువా అడుగు సొరుగులో ఉంది. ఆ సొరుగేమో రానంటోంది. ఫాదర్ ఎవాసియో వచ్చేలోగా కోటు తొడగాలి, లేకపోతే దొరగారు పొలం చొక్కాతోనే పెట్టెలోకి ఎక్కుతాడు. ఊరు నోరు మూసుకుంటుందా?

మరిది దాల్మాత్సియో బీరువాకు కాలు తన్నిపెట్టి లాగాడు. పైనున్న మరియమ్మ బొమ్మ ఊగింది గానీ సొరుగు కదల్లేదు.

"పొగమంచుకి చెక్క ఉబ్బింది వదినా. గొడ్డలి తెస్తానుండు."

"గొడ్డలి ముట్టావో, మీ అన్న పక్కనే నీకూ గొయ్యి తవ్విస్తా. మా అమ్మమ్మ పెళ్లినాటిది అది. మీ ఇంటి సొత్తనుకున్నావా?"

"రోజూ దాని ముందేగా అన్న మోకరిల్లేది? ఏ మహిమతోనో తెరిచిపెట్టి పోవాల్సింది."

అది నిజమే. పెళ్లయ్యాక చర్చిలో మోకాలు వంచని మనిషి, ఈ ద్రాక్షకోతలయినప్పటినుంచి సాయంత్రమయితే చాలు, గది తలుపు వేసుకుని మరియమ్మ ముందు మోకాళ్ల మీద మూలిగేవాడు. తలుపు సందులోంచి చూసి ఎర్సీలియా కళ్లొత్తుకుంది. ఫాదర్‌కు చెప్పింది. ఆయన ఆదివారం ఊరందరికీ చెప్పాడు.

"గోడ దగ్గర్నుంచి జరుపు దాన్ని," అంది ఎర్సీలియా.

ముందంతా మెరిసే అక్రోటు. వెనక బొత్తిగా చిత్రిక పట్టని నాసి పలకలు.

"అచ్చం మీ వంశమే," అంది.

దాల్మాత్సియో మేకులు పీకి అడుగు పలక ఊడదీశాడు. ఎర్సీలియా చెయ్యి దూర్చింది. కోటు తగిలింది. కోటు మీద చల్లగా, నున్నగా ఇంకేదో. సీసా. దాని మెడ పైకి లేచి సొరుగు పైనున్న అడ్డుపట్టీకి తన్నుకుని ఉంది. పక్కకు తిప్పగానే సొరుగు బుద్ధిగా వచ్చేసింది. డాక్టరు ముట్టొద్దన్న ద్రాక్షపిప్పి సారా, మూత కూడా తియ్యలేదు.

దాల్మాత్సియో సీసాను చూశాడు, మరియమ్మను చూశాడు.

"అయితే వదినా, అన్న ప్రార్థన..."

"నోర్మూసుకుని మీ అన్నకు కోటు చేతులు తొడుగు."

సమాధి దగ్గర ఫాదర్ ఎవాసియో కళ్లు పైకెత్తాడు. "చివరి రోజుల్లో మన గౌదెంత్సియో ఎంత ఆర్తితో వేడుకున్నాడు!"

దాల్మాత్సియోకు దగ్గు తెర పట్టుకుంది. ఎర్సీలియా తల వంచుకుంది. ఆర్తి మాట అబద్ధమేం కాదు.

ఇంటికొచ్చి సీసా మూత తీసి, చిన్న గ్లాసులో పోసుకుంది. ఘాటుకు ముక్కుపుటాలు అదిరాయి. మంచి సరుకే.

"ఇన్నాళ్లూ మోకాళ్లరగదీసి, చుక్కయినా దక్కించుకోలేకపోయావు కదయ్యా మొద్దు మనిషీ," అని, అప్పుడు ఏడ్చింది.