సూపు చల్లారిన ప్రార్థన

డోన్‌లో బస్సెక్కింది మొదలు కర్నూలు వచ్చేదాకా జ్ఞానమణి మొగుడి చెవిలో ఒకటే మాట పోరుతూ వచ్చింది.

"ప్రార్థన చిన్నగా చెయ్. నీకు దండం పెడతా. అది హోటలు, మన చర్చి కాదు."

"చిన్నగానే చేస్తాలే" అన్నాడు ప్రేమయ్య, కిటికీ బయట కంది చేలు చూస్తూ.

ఆ మాట నమ్మడానికి జ్ఞానమణి నిన్న కాపురానికి వచ్చిన మనిషి కాదు. ప్రేమయ్య ఇరవై రెండేళ్లుగా ఊళ్లో సంఘ పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెట్టాడంటే ఊళ్లో జబ్బుపడ్డవాళ్లూ, పరీక్షలు రాసేవాళ్లూ, సరిహద్దులో ఉన్న సైనికులూ, ఆఖరికి ఎండిపోయిన బోర్లూ, అందరూ వరసగా వచ్చి పోవాల్సిందే. క్రిస్మస్ కేకు కోసే ముందు ప్రార్థనకు మాత్రం ఈ పెద్దాయన్ని పిలవొద్దని ఊరి పిల్లలు పోయి పాస్టరు గారికి మొర పెట్టుకున్నారంటే చూడండి మరి.

ఈసారి సంగతి కేకుది కాదు, కొడుకుది. యేసుప్రసాద్‌కు ముప్పై రెండు నిండాయి. డోన్ స్టేషన్లో సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం, ఏ అలవాటూ లేని పిల్లవాడు. అయినా మూడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయాయి. అందులో రెండు ప్రేమయ్య నోటి చలవే. ఆర్నెల్ల కిందట ప్రేమయ్యకు కంటి ఆపరేషన్ అని కర్నూలు ఆసుపత్రికి పోయారు. అక్కడ రక్తం తీయడానికి వచ్చిన ల్యాబ్ పిల్ల రెజీనాను చూశాడు యేసుప్రసాద్. తండ్రి కన్ను బాగైంది గానీ కొడుకు చూపు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఈ పిల్ల కాకపోతే నాకింక పెళ్లి మాట ఎత్తొద్దని తల్లితో చెప్పేశాడు. వాడు మొండివాడు, అన్నంత పనీ చేస్తాడు. జ్ఞానమణి దిగులంతా అదే.

హోటల్లో కలవాలన్నది పిల్ల తల్లి విశ్వాసమ్మ పెట్టిన షరతు. ఆమె కడపలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. ఫోన్లోనే తేల్చి చెప్పింది.

"మీ ఇంటికి మేము రాము, మా ఇంటికి మీరు రావద్దండి. గడపలో నాలుగు జతల చెప్పులు కనపడితే శాలు, సంబంధం కుదిరిపోయిందని వీధంతా అంటాది. పిల్ల కర్నూల్లోనే ఉండాది గదా, ఆడ ఏదన్నా మంచి హోటల్లో కలుద్దాం. తిందాం, మాట్లాడుకుందాం, లేచి వచ్చేద్దాం. ఎవరి మాటా ఎవరి మీదా పడదు."

అట్లా ఆదివారం ఆరాధన అయిపోయాక అందరూ హోటల్ తుంగతీరం చేరారు. అద్దాల తలుపు తీసి తలపాగా మనిషి సెల్యూట్ కొడితే ప్రేమయ్య ఆగి "వందనాలు నాయనా" అని చెయ్యి కలిపి, ఏ ఊరని అడగబోయాడు. జ్ఞానమణి చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

లోపల తెల్లటి బట్ట పరిచిన టేబులు, దాని మీద తామరపువ్వుల్లా మడిచిన చేతిగుడ్డలు. అంత అందంగా మడిచినదాన్ని చెడగొట్టడానికి మనసొప్పక ప్రేమయ్య తన పువ్వును జాగ్రత్తగా పక్కన పెట్టుకున్నాడు. పిల్ల తండ్రి జయరాజ్ ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఇంత మెత్తని కుర్చీ పుట్టి బుద్ధెరిగి చూడలేదని సంబరపడి, కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"ఈ చలేందప్పా, ఐసు ఫ్యాక్టరీలో కూర్చోబెట్టినట్టు" అని విశ్వాసమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆమెకు హోటలు మొదటి నిమిషంలోనే నచ్చలేదు. జయరాజ్‌కు మొదటి నిమిషంలోనే నచ్చింది. పిల్లలిద్దరికీ ఎట్లుందో వాళ్ల ముఖాలు చూస్తే తెలియలేదు. యేసుప్రసాద్ "బాగుండారా" అన్నాడు, రెజీనా "బాగుండా" అంది. అంతే, ఆ తర్వాత ఇద్దరూ మంచినీళ్ల గ్లాసులకేసి చూస్తూ కూర్చున్నారు.

ఆర్డరు రాసుకోవడానికి వచ్చిన వీరేష్ యాభై దాటిన మనిషి, ఆదోని వైపువాడు, చేతులకు తెల్ల తొడుగులు. విశ్వాసమ్మ అతన్ని విచారణకు నిలబెట్టింది.

"నాటుకోడి అని రాసినారే, నాటుదేనా?"

"నాటుదే మేడం."

"యాడ నుంచి తెస్తారు?"

వీరేష్ జవాబు కోసం పైకప్పు వైపు చూశాడు. ఆమె పెదవి విరిచి, సరే తెమ్మంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు చెప్పారు. ముందుగా సూపు వచ్చింది. ఆరు కప్పులు, పొగలు కక్కుతూ.

ప్రార్థన కానిదే వాళ్లలో ఎవరూ ముద్ద ముట్టరు. నలుగురు కూర్చుంటే వయసులో పెద్దాయన చేయాలి. జయరాజ్ మర్యాదగా "అన్నా, పెద్దోళ్లు మీరే, కానియ్యండి" అన్నాడు. జ్ఞానమణి మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ప్రేమయ్య తలూపి, గొంతు సవరించుకున్నాడు.

"పరలోకమందున్న మా ప్రియ తండ్రీ..."

కళ్లన్నీ మూతపడ్డాయి. మొదటి నిమిషం బాగానే గడిచింది. ఎదుట ఉన్న ఆహారానికీ, వండిన చేతులకూ స్తోత్రాలు చెప్పాడు. ఇక ఆమెన్ అంటాడని జ్ఞానమణి ఊపిరి పీల్చుకునేసరికి ఆయన కర్నూలు ఊళ్లోకి దిగాడు. ఆసుపత్రుల్లో రోగులు అయ్యారు. రైళ్లు నడిపేవాళ్లు అయ్యారు. జయరాజ్ మర్యాద కోసం బస్సులు నడిపేవాళ్లు అయ్యారు. తుంగభద్రకు నిండుగా నీళ్లు అడిగాడు. మైకు లేకుండానే చివరి వరసకు వినిపించే గొంతు ఆయనది. హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

జ్ఞానమణి ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది. పక్క టేబుల్ దగ్గర పెద్ద బొట్టు పెట్టుకున్న ముసలమ్మ తినేది ఆపి తనూ చేతులు జోడించి కూర్చుంది. అది సరే. ఇటు చూస్తే వీరేష్ పిల్లిలా అడుగులేస్తూ తమ టేబుల్ చుట్టూ తిరిగి ఒక్కొక్క సూపు కప్పూ ఎత్తి పళ్లెంలో పెట్టుకుంటున్నాడు. ఆమెకు అరవాలనిపించింది. కానీ ప్రార్థన మధ్యలో నోరు తెరిస్తే సంఘ పెద్ద పెళ్లానికి పరువుంటుందా? నోరు మూసుకుంది.

ఎదురుగా రెజీనా కూడా కళ్లు తెరిచే ఉంది. తన కప్పు గాల్లోకి లేచి పోతుంటే చూస్తూ, నవ్వాపుకోలేక కింది పెదవి పళ్లకింద నొక్కిపట్టింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ క్షణంలో ఆ పిల్ల మీద జ్ఞానమణికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ మనిషి ప్రార్థనల్లో తనతోపాటు దొంగగా కళ్లు తెరిచే కోడలు ఇంటికొస్తే ఇంకేం కావాలి అనుకుంది.

సరిగ్గా అప్పుడు ప్రేమయ్య కొంప ముంచాడు.

"ఇప్పుడును ప్రభువా, రెజీనాను, యేసుప్రసాదును, ఈ యిద్దరు బిడ్డలను నీ చిత్తప్రకారము జతపరచి, ఈ రెండు కుటుంబములను ఒక్కటి చేసినందుకు నీకు వందనములు..."

ఆయన చేస్తున్నది భోజనం ప్రార్థన కాదు, ప్రధానం ప్రార్థన. ప్రధానమంటే వాళ్లలో నిశ్చితార్థం. ఇరవై రెండేళ్లలో చుట్టుపక్కల ఏ ప్రధానం జరిగినా ప్రార్థన ఆయనదే. రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చున్నాయంటే ఆ నాలుకకు తెలిసిన దారి అదొక్కటే. పాపం, కావాలని చేసింది కాదు. సాయంత్రం విప్పిన ఎద్దు ఎవరూ తోలకుండానే ఇంటికి పోయినట్టు ఆ మాటలు వాటంతటవే నడిచిపోయాయి.

"...యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్."

"ఆమెన్" అన్నాడు జయరాజ్. "ఆమెన్" అంది విశ్వాసమ్మ, అందరికంటే గట్టిగా. హాస్టల్లో రోజుకు మూడు పూటలా పిల్లలతో చెప్పించి చెప్పించి గట్టిపడిన గొంతు.

కళ్లు తెరిచేసరికి టేబులు ఖాళీ.

"సూపేది?" అన్నాడు ప్రేమయ్య.

వీరేష్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "క్షమించాల సార్. మా దాంట్లో రూలు. పొగ ఆగిపోయిన సూపు టేబుల్ మీద ఉండకూడదు. మీరందరూ కళ్లు మూసుకొని ఉంటిరి, ఎవరూ ముట్టలే. ఇష్టం లేదేమో అనుకొంటి. వేడిగా వేరేది తెస్తాండారు."

జయరాజ్‌కు సూపు గొడవే పట్టలేదు. చెవుల దాకా నవ్వుతున్నాడు. "సూపు సంగతి అట్లుండనీ అన్నా. ప్రార్థనలో నువ్వేమంటివో తెలుసునా? పిల్లలను జతపరచినందుకు వందనాలంటివి. మేము ఆమెన్ అంటిమి."

ప్రేమయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేనా? అట్లంటినా?"

విశ్వాసమ్మ ముఖం మాత్రం కందగడ్డ అయింది. "అలవాటున వచ్చిన ఆమెన్ అది. నేను చెప్పింది సూపుకు."

"సూపు యాడుండాది మే?" అన్నాడు జయరాజ్. "నువ్వు అనేటప్పటికే అది పాయె. ఇంక మిగిలింది పిల్లలే గదా."

"నువ్వు ఊరకుండు."

నవ్వులాటకు అన్నాడు గానీ, ఆమెన్ అంటే వాళ్లలో తేలిక మాట కాదు. తెలిసి అన్నా తెలియక అన్నా దేవుడి ముందు అన్నట్టే. అది విశ్వాసమ్మకూ తెలుసు, అందుకే ఆమెకంత మంట. నాలుగో సంబంధమూ ఇట్లా గంగలో కలిసిందని జ్ఞానమణికి ఏడుపొచ్చింది. ఇంటికి పోయాక ఈయన సంగతి చెప్పాలి అనుకుంది. కానీ ఏం చెప్పి ఏం లాభం?

విశ్వాసమ్మ గొంతు తగ్గించింది. "నేను వద్దనడం లేదక్కా. మీ పిల్లోడు మంచోడే, విచారించినాం. కానీ ఈ పిల్ల ఇంతవరకూ ఔననలేదు, కాదనలేదు. ఎప్పుడడిగినా చూద్దాంలేమ్మా అంటాది. దాని నోట మాట రాకుండా మనం ఆమెన్‌లు చెప్పుకుంటే ఎట్ల? ముప్పై ఏండ్లు ఆడపిల్లోళ్లను చూసినా. నోరు తెరవని పిల్లను ఎవరైనా ఎట్లంటే అట్ల ఈడ్చుకుపోతారు."

న్యాయమైన మాట.

జవాబు యేసుప్రసాద్ చెప్పాడు. "ఆంటీ, నాయన అన్నది పట్టించుకోవద్దండి. అది ఆమెన్ కిందికి రాదు. ఆమెకు ఇష్టం లేకుంటే ఈ సంగతి ఈడికి ఈడనే వదిలేద్దాం." అప్పటికే వాడి చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఓరి పిచ్చి నాయనా, దొరికినదాన్ని నువ్వే వదిలేస్తివా అని తల్లి లోలోపల తల కొట్టుకుంది. అయినా కొడుకును చూసి గర్వంగానూ అనిపించింది ఆమెకు.

అంతలో, తెస్తామన్న సూపు రాకముందే భోజనం వచ్చింది. పళ్లెం ఇంత, అందులో సంగటి నిమ్మకాయంత, దాని నెత్తిన ఒక పుదీనా ఆకు.

"ఇది సంగటా, గోలీనా?" అంది విశ్వాసమ్మ.

"రెండు తింటే సరిపోతాది" అన్నాడు జయరాజ్, పులుసు వాసన చూసి కళ్లు అరమోడ్చుతూ.

ప్రేమయ్య చేతులు ఒళ్లోంచి కదలలేదు. ఇందాకటి ప్రార్థన ఎత్తుకుపోయిన సూపుకు. ఈ తిండికి ఇంకా కాలేదు. అందరూ ఆయనకేసి చూశారు.

"నేను చెయ్యనమ్మా" అన్నాడాయన. "నా నోరు మంచిది కాదు."

ఇరవై రెండేళ్లలో ప్రేమయ్య ప్రార్థన వద్దనడం అదే మొదలు. తలొంచుకుని కూర్చున్న ఆ మనిషిని చూస్తే జ్ఞానమణి కోపమంతా నీరైపోయింది. అందరి ముందూ తల తీసేసినట్టు కూర్చున్నాడు, అది ఆమె చూడలేకపోయింది. ఆ మౌనాన్ని ఎట్లాగైనా దాటించాలని నోటికొచ్చిన మాట అనేసింది.

"రెజీనా, నువ్వు చెయ్ తల్లీ."

రెజీనా ఉలిక్కిపడింది. తల్లి వైపు చూసింది. విశ్వాసమ్మ ఔననీ కాదనీ అనకుండా కళ్లు మూసుకుంది. వీరేష్ నాలుగడుగులు వెనక్కి వేసి, "ఈసారి ఏమీ ముట్టుకోను మేడం" అన్నాడు మెల్లగా.

రెజీనా గొంతు సన్నగా మొదలైంది.

"ప్రభువా, ఈ అన్నానికి నీకు వందనాలు. ఇందాక మామ మమ్మల్ని జతపరచినావని చెప్పినాడు. అప్పుడు నేను ఆమెన్ అనలేదు. ఎందుకంటే ముందు నన్నెవరూ అడగలేదు. అమ్మ అడిగింది పెళ్లి సంగతి, ఈ మనిషి సంగతి కాదు. అడిగింటే ఔననే చెప్పేదాన్ని. ఇప్పుడు నీకే చెప్తాండా. ఆమెన్."

అందరూ ఆమెన్ అనాలన్న సంగతే మరిచిపోయారు. యేసుప్రసాద్ మంచినీళ్ల గ్లాసు మీంచి చూపు తీసి రెజీనాకేసి చూశాడు. మామ అన్న మాట విని ప్రేమయ్య, ఆపరేషన్ చేసిన కన్ను, చేయని కన్ను, రెండూ తుడుచుకున్నాడు. జ్ఞానమణికి ప్రాణం లేచొచ్చింది. కానీ విశ్వాసమ్మ కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. అవి తెరుచుకునేదాకా ఏదీ కుదిరినట్టు కాదని జ్ఞానమణికి తెలుసు.

విశ్వాసమ్మ కళ్లు తెరవకుండానే చివరికి "ఆమెన్" అంది. ఈసారి మెల్లగా, తను దేనికి అంటున్నదో తెలిసి.

తర్వాత కళ్లు తెరిచి, ఆ పుదీనా ఆకు తీసి పక్కన పెట్టి, సంగటి తుంచి పులుసులో అద్ది నోట్లో వేసుకుంది. కాసేపు నములుతున్నట్టుండి ఆగింది. సంగటి నమలకూడదని గుర్తొచ్చి మింగింది. జ్ఞానమణి వైపు తిరిగింది.

"వదినా, పులుసులో ఉప్పు తక్కువుండాది గదా?"

జ్ఞానమణి ఇంకా ముద్ద నోట్లో పెట్టనేలేదు.

"ఔను వదినా, శానా తక్కువ" అంది.