మందు పెట్టింది ఎవరు?

ప్రేమ్‌సాగర్ బ్లాగు పేరు 'ఎందుకంటే'. నాలుగేళ్లలో నూట పన్నెండు వ్యాసాలు రాశాడు. ఉల్లిగడ్డ కోస్తే కళ్లెందుకు మండుతాయి, పాము పాలు తాగుతుందా, పిడుగు ఎక్కడ పడుతుంది, అన్నీ రాశాడు. చదివేవాళ్లు మహా అయితే నలభై మంది. వాళ్లలో పదిమంది అతను పనిచేసే పశువుల దవాఖాన వాళ్లే, అదీ మొహమాటానికి. మక్తల్ దిక్కున ఆ దవాఖానలో రక్తం, పేడ పరీక్షలు చేసే ఉద్యోగం అతనిది.

నూట పదమూడో వ్యాసాన్ని మాత్రం ఒక్క రోజులో పదకొండు వేల మంది చూశారు. అబ్బో, ఎంత మురిసిపోయాడో! అన్నం తింటూ ఫోను, స్నానానికి పోతూ ఫోను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తన చెంపలు తానే వాయించుకోవాలనిపిస్తుంది అతనికి.

సంగతి ఇది. ఎర్రగట్టు ఊళ్లో గోపయ్య అనే గొర్లకాపరి మంద రామమ్మ జొన్నచేన్లో పడి మేసింది. రామమ్మ ప్రేమ్‌సాగర్‌కు పెద్దమ్మ, తల్లి పోయినంక అతన్ని పెంచింది ఆమే. ముందు తరంలో సెంటు భూమి లేని ఇల్లు వాళ్లది. సర్కారు ఇచ్చిన ఎకరంన్నర రాళ్లచేనును పదేళ్లు రాళ్లేరి పొలం చేసుకుంది. అప్పటికే పశువుల మేతకు ఒకసారి జొన్న కోసింది, మోళ్లకు మళ్లీ చిగురొచ్చింది. ఆ చిగురులో గొర్లు పడితే ఊరుకుంటుందా? "మీ గొర్లు గుంటల వడ!" అని తిట్టింది. గంట తిరక్కుండా ఇరవై రెండు గొర్లు నురగలు కక్కి పడిపోయాయి.

లేత జొన్న తింటే గొర్రె పడుతుందని గోపయ్యకు తెలియక కాదు. నిరుడు ఇదే చేన్లో, ఇదే చిగురు మేసిన మంద చెక్కుచెదరలేదు. నిరుడు వానలున్నాయి. ఈ ఏడు నెల రోజులు చుక్క పడలేదు, ఎండకు వడలిన చిగురులో విషం ఎక్కువవుతుంది. ప్రేమ్‌సాగర్ వ్యాసంలో ఉన్నది ఇంతే. బాగానే రాశాడు, ఒక్క తప్పు లేదు. కానీ నలభై మంది చదివే బ్లాగుకు నాలుగు వందల మంది రావాలని పేరు మాత్రం ఇలా పెట్టాడు: 'గొర్రెలకు మందు పెట్టింది ఎవరు?' దాని కింద జొన్నచేను ఫోటో. ఉత్త చేను ఏం బాగుంటుందని గట్టుమీద పెద్దమ్మను నిలబెట్టి తీశాడు. ఆమె కొత్త చీర కట్టుకుని మరీ నిలబడింది.

మా దిక్కున మందు అనే మాటకు ఎన్ని అర్థాలో! జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, పొద్దుగూకితే సీసాలో తాగేదీ మందే. ఇవి గాక ఇంకో మందుంది, గిట్టనివాళ్లకు మంత్రించి పెట్టేది. 'మందు పెట్టిండ్రు' అంటే ఊళ్లో ఎవడూ డాక్టర్ని తలుచుకోడు. ఈ మాట ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ప్రేమ్‌సాగర్‌కు తెలియదా? తెలుసు. తెలిసే పెట్టాడు. కింద జవాబుంది కదా, చదువుతారు కదా అనుకున్నాడు. ఎవడో పుణ్యాత్ముడు పేరూ ఫోటో వరకు కత్తిరించి వాట్సాప్‌లో తోశాడు. పైన ప్రశ్న, కింద రామమ్మ.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి పెద్దమ్మ పక్కింటి మంజులత ఫోను చేసింది. "సాగరన్నా, జల్ది రా! పెద్దమ్మను కరెంటు స్తంభానికి కట్టేసిండ్రే!"

పోలీసులకు ఫోను చేశాడు. జీపు ఇంకో ఊరికి పోయిందట, వస్తామన్నారు. విరుగుడు సూదులు, పరీక్ష సామాను సంచిలో వేసుకుని బండి తీశాడు. పెద్దమ్మ చేను దగ్గర ఆగి చిగురు ఇంత కోసుకున్నాడు. కళ్లముందు పరీక్ష చేసి చూపిస్తే ఎవడు కాదంటాడని అతని ధీమా.

గోపయ్య ఇంటిముందు ఊరంతా ఉంది. రామమ్మ జుట్టు ఊడిపోయి, కుడికన్ను వాచి మూసుకుపోయి, పగ్గంతో స్తంభానికి కట్టేసి ఉంది. రవిక చిరిగింది. ఆమె ముందు ఊళ్లో మంత్రాలు చూసే భీమయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కటింగ్ ప్లేరు. పళ్లు పీకితే నోట మంత్రం తిరగదని వాళ్ల లెక్క.

"ఇడువుండ్రి! మీకు దండం వెడ్త, ఇడువుండ్రి! ఎవలు మందు వెట్టలే. జొన్నలనే విషమున్నది. ఇగో, ఇప్పుడే చూపిస్త," అని అరిచాడు ప్రేమ్‌సాగర్.

"చూపియ్యి," అన్నాడు గోపయ్య. మూడు రోజులుగా తిండి లేక, ఏడ్చి ఏడ్చి అతని గొంతు పోయింది. "ఇరవై రెండు పానాలు సాగరూ. బిడ్డల లెక్క పెంచిన. చూపియ్యి."

ప్రేమ్‌సాగర్ చిగురు నలిపి గాజుసీసాలో వేశాడు, రెండు చుక్కల మందునీళ్లు పోశాడు, పసుపుపచ్చ కాగితం ముక్కను లోపల వేలాడదీసి బిరడా పెట్టాడు. దవాఖానలో వందసార్లు చేసిన పరీక్ష అది. ఆకులో విషముంటే పచ్చకాగితం ఎర్రబడుతుంది. జనం మెడలు చాచి చూశారు. చూస్తుండగానే కాగితం అంచు నారింజ రంగుకు తిరిగింది, తర్వాత ఇటుక రంగు, తర్వాత ఎర్రగా మారింది.

"చూసిండ్రా! ఎర్రగైంది!" అన్నాడు ప్రేమ్‌సాగర్ గెలిచినట్టు.

భీమయ్య నవ్వాడు.

"నేను పసుపుల సున్నం ఏసి చూపిస్తె దొంగపని అని రాస్తివి. ఇప్పుడు నీ సీసల నీ చేతితోనే ఎర్రగైంది గద! చేతబడి అయింది అననీకె ఇంకేం గావాలె?"

ప్రేమ్‌సాగర్ సీసాలోని కాగితం వైపు చూశాడు. పచ్చది ఎర్రబడితే చేతబడి పట్టుబడినట్టు. ఈ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలిసిన గుర్తు అది. ఆ మోసం గురించి తొంభయ్యో వ్యాసంలో బొమ్మలేసి మరీ రాసింది తనే. రాసిన మనిషే మరిచిపోయి ఎర్రకాగితం తెచ్చి వాళ్ల చేతిలో పెట్టాడు. దీన్ని తెలివి అంటారా, బుద్ధిలేనితనం అంటారా మీరే చెప్పండి.

"పట్టుండ్రి దాని దవుడలు!" అని ఎవరో అరిచారు. ప్రేమ్‌సాగర్ అడ్డం దూకాడు. గొర్లకాపరుల కర్ర భుజం మీద పడింది, రెండోది మోకాలి మీద. కిందపడ్డాడు. పైన కాళ్లు, తిట్లు, దుమ్ము. సీసా పగిలి అరచేతిలో దిగింది. ఆ కాళ్ల సందుల్లోంచి పెద్దమ్మ నోట్లోకి ప్లేరు పోవడం చూశాడు. ఎముక విరిగిన చప్పుడు, దాని వెనక ఆమె కేక. కొండను కూడా కరిగించే కేక అది, కానీ అక్కడ ఒక్కరూ కరగలేదు. భీమయ్య రక్తం కారే పన్నును పైకెత్తి చూపించి కింద పడేశాడు. "ఇంకోటి," అన్నాడు.

అప్పుడు ప్రేమ్‌సాగర్‌కు ఎర్రోడు కనబడ్డాడు. గోపయ్య పొట్టేలు. మందతో పోకుండా ఇంటి దగ్గర గూటానికి కట్టి ఉండటం వల్ల బతికిపోయిన ఒక్క జీవం. జాతర్లో పోటీకి పెంచుతున్నాడు, తను తినకపోయినా దానికి నానబెట్టిన శనగలు పెడతాడు. ఈ మూడు రోజుల గొడవలో దానికీ మేత లేదు.

ప్రేమ్‌సాగర్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేవాడు కాదేమో. సంచిలోని జొన్నచిగురంతా తీసి, నెత్తురోడే చేతులతో పాక్కుంటూ పోయి దాని ముందు గుమ్మరించాడు. ఆకలి మీదున్న పొట్టేలు ఆబగా తినేసింది. అతను దాని తల నిమురుతూ కూర్చున్నాడు, ఏడుస్తూ.

రెండో పన్ను ఊడేసరికి ఎర్రోడు మోకాళ్ల మీద కూలాడు. నోట నురగ, కళ్లు తేలేశాడు, కాళ్లు కొట్టుకుంటున్నాయి.

"గోపయ్య మామా! ఇటు చూడు!" ప్రేమ్‌సాగర్ గొంతు చించుకున్నాడు. "ఎర్రోనికి జొన్న ఏసిన! నేనే ఏసిన! మా పెద్దమ్మ కట్టేసి ఉన్నది, ఆమె ఏం జేసింది జెప్పు!"

గోపయ్య వెనక్కి తిరిగి చూశాడు. చేతిలోని పగ్గం వదిలేసి ఉరికొచ్చి పొట్టేలు మీద పడ్డాడు. "ఓరి నా తండ్రీ! ఎంత పని జేస్తివిర సాగరూ!"

"నా సంచిల మందున్నది. పెద్దమ్మ కట్లు ఇప్పు, సూదేస్త. ఇప్పకుంటె గిది సస్తది. నేను లేవ, నన్ను సంపినా లేవ."

గోపయ్య ఒక్క గుక్కలో అరిచాడు. "ఇప్పుండ్రిరా! ఆమెను ఇప్పుండ్రి, మీ కాళ్లు మొక్కుత!" ఎవరూ కదలకపోతే తనే లేచి, ప్లేరు పట్టుకున్న భీమయ్యను రొమ్ము మీద తన్ని, పగ్గం కొరికి తెంపాడు. రామమ్మ ముద్దలా కిందికి జారింది.

మెడనరంలో సూదెయ్యడం ప్రేమ్‌సాగర్ చూసిందే గాని చేసింది కాదు. మొదటి పోటు తప్పింది. రెండో పోటుకు నరం దొరికింది. ఒక సూది, ఇంకో సూది. పొట్టేలు రొమ్ము ఎగసిపడుతూనే ఉంది. ఏడెనిమిది నిమిషాలకు అది తల ఎత్తింది, కాసేపటికి తూలుతూ లేచి నిలబడింది.

ఇప్పుడైనా అర్థమైంది అనుకుంటున్నారా? ఒక ముసలావిడ వచ్చి ప్రేమ్‌సాగర్ కాళ్లకు మొక్కింది. "మందు వెట్టినోడు గీడే, ఇరిచినోడు గీడే! భీమయ్య గీని ముందర ఎంత!" అంది. అవునవునని తలలూపారు. ఇంకొకావిడ తన బిడ్డకు తాయెత్తు కట్టమంది. ప్రేమ్‌సాగర్ కాళ్లు విడిపించుకుని పెద్దమ్మ దగ్గరికి పాక్కుంటూ పోయాడు. ఆ తర్వాత వచ్చింది పోలీసు జీపు. భీమయ్యతో పాటు ఆరుగురిని ఎక్కించారు. గోపయ్య తనంతట తానే ఎక్కాడు. రామమ్మ వైపు మాత్రం కన్నెత్తి చూడలేకపోయాడు.

మహబూబ్‌నగర్ దవాఖానలో నాలుగో రోజుకు రామమ్మ నోరు తెరిచింది. దవడకు కట్టు, చిగుళ్లలో దూది. పక్కన చేతికి కుట్లతో ప్రేమ్‌సాగర్. బ్లాగు మూసేస్తానని అతను మంజులతకు చెప్పడం ఆమె విన్నది.

"ఏం రాచినవ్ బిడ్డా అండ్ల?" అంది. పళ్లు లేక మాట నిలవడం లేదు. "నా బొమ్మ ఏసి ఏం రాచినవ్? చదువు, ఇంట."

వద్దన్నాడు. ఆమె వినలేదు. ఫోను తీసి 'గొర్రెలకు మందు పెట్టింది ఎవరు?' అని పేరు వరకే చదివి ఆపేశాడు.

రామమ్మ ఒంటికన్నుతో అతన్నే చూసింది. వెక్కిరింపు లేదు, కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి ఎవలు వెట్టిండ్రట బిడ్డా?"

ప్రేమ్‌సాగర్ ఆమె చెయ్యి తీసుకుని తన మొహానికి ఆనించుకున్నాడు.

"నేనే, పెద్దమ్మా," అన్నాడు.