ఎవరూ రాని బల్ల

నేను ఒక చెక్క పలకను. జానెడు ఎత్తు టేకు ముక్కను. హన్మకొండలో బోర్డులు చెక్కే యాదగిరి నా మీద రెండు వైపులా ‘రిజర్వ్‌డ్’ అని చెక్కి, దుమ్ము ఊది, “వచ్చేటోళ్లకు జాగ కాపాడాలె, గంతే నీ పని” అన్నాడు. మంచి పనే దొరికిందనుకున్నాను.

నన్ను కొన్న హోటల్లో అద్దాల గోడలు, చల్లటి గాలి, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. మేనేజరు శేషగిరి నాలాంటి పలకలను గల్లాపెట్టె కింద దాచుకునేవాడు. తలుపు తెరుచుకోగానే ఆయన చూపు వచ్చినవాళ్ల కాళ్లమీదే ముందుగా పడేది. తళతళలాడే బూట్లయితే మేము కింద చీకట్లోనే. అరిగిన చెప్పులైతే ఖాళీ బల్లల మీదికి ఎక్కేవాళ్లం. ఆ బల్లల కోసం ఎవరూ రారని నాకు తెలుసు. చెబుదామంటే నాకున్నది ఒక్కటే మాట. ఎటు తిప్పి పెట్టినా అదే మాట.

ఒక మధ్యాహ్నం కొమురమ్మ, ఆమె భర్త సారయ్య వచ్చారు. వర్ధన్నపేట వైపు పల్లెవాళ్లు. సారయ్య దవడ వాచి ఉంది. శేషగిరి గబగబా మమ్మల్ని బల్లలమీద పెట్టేశాడు.

“అన్నీ రిజర్వ్ అయిపోయాయమ్మా. పార్సెల్ కట్టిస్తా, బయట చెట్టు కింద హాయిగా తినండి.”

“చెట్టు కింద రోజూ తింటనే ఉంటం బిడ్డా” అంది కొమురమ్మ. “రేపు ఈయన పండ్లన్నీ పీకుతరట. ఇయ్యాల మంచిగ కూసొని మూలుగ బొక్క తినాలని మనసుపడ్డడు. ఆ వచ్చేటోళ్లు వచ్చినంక లేస్తం.”

నేనున్న బల్ల దగ్గరే భర్తను కూర్చోబెట్టి, తానూ కూర్చుంది. శేషగిరి గల్లాపెట్టె వెనక్కి వెళ్లిపోయాడు. చాలాసేపు గడిచింది. వాళ్లకు మంచినీళ్లు కూడా రాలేదు.

ఇంతలో కారు దిగి ఒక కుటుంబం వచ్చింది. శేషగిరి ఎదురెళ్లి, పేరైనా అడక్కుండా, పక్క బల్లమీది పలకను చంకలో పెట్టుకుని వాళ్లను కూర్చోబెట్టాడు. కొమురమ్మ అది చూసింది. తర్వాత నన్ను చూసింది. బోర్లా పడిపోతే బాగుండుననిపించింది. కానీ నిలబెట్టినచోట నిలబడటమే నా బతుకు.

“మా బల్లమీదిది గూడ తీస్తవా బిడ్డా, నన్నే తియ్యమంటవా?” అని మెల్లగా అడిగింది.

శేషగిరి వెయిటరుకు సైగ చేశాడు. అతను మూలుగ ఎముకల పులుసు గిన్నె తెచ్చి ఠక్కున పెట్టి, “చెంచాతో తినడం వచ్చా పెద్దాయనా?” అని, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

సారయ్య బొక్క చేతిలోకి తీసుకున్నాడు. పక్క బల్ల పిల్లలు తినడం ఆపి చూస్తున్నారు. వాళ్ల అమ్మ ఏదో గుసగుసలాడి నవ్వింది. ఆయన బొక్కను మళ్లీ గిన్నెలో పెట్టేశాడు.

“ఇంటికి తీస్కపోదాం తియ్.”

“సల్లారిపోతది. తిను.”

కొమురమ్మ నన్ను తీసి, వాళ్లకు ఆయన మొహం కనబడకుండా అడ్డం పెట్టింది. నా వెనక తల వంచి సారయ్య బొక్క కొరికాడు. నొప్పికి ఒక కన్ను మూతపడింది. మూలుగ జుర్రిన చప్పుడు నాకు వినబడింది.

“ఎట్లున్నది?”

“పండ్లు పోతె పోనీ” అన్నాడు.

వాళ్లు వెళ్లాక శేషగిరి ముక్కు చిట్లించి నా మీది పులుసు చుక్కలు తుడిచాడు. అప్పటికే తలుపు దగ్గర ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని, చెప్పులు బయట విడవాలో అక్కర్లేదో తెలియక నిలబడి ఉన్నాడు. శేషగిరి చూపు ఆయన కాళ్లమీదికి దిగింది. నన్ను ఎత్తి, తలుపు వైపు తిప్పి, అదే బల్లమీద నిలబెట్టాడు.

ఆ పిల్ల నన్ను కూడబలుక్కుని చదివింది. నమ్మింది.

“ఎవరో వస్తరట బాపూ” అంది. “మనం పోదాం.”