పైలట్ ఇవ్వని జవాబు

ఆమె జ్ఞాపకశక్తికి ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ జడుస్తారు. పెళ్ళైన కొత్తలో మొగుడు నోరుజారిన మాటని తేదీతో సహా, ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగుతో సహా అప్పజెబుతుంది. అందుకే ఆ మహానుభావుడు పదేళ్ళుగా ఆమెతో వాదన పెట్టుకోవడం మానేశాడు. ఆఫీసులో మాత్రం ఆ జ్ఞాపకశక్తే ఆమెకి అన్నం పెడుతోంది. ఆకాశంలో ఒక ముక్కకి ఆమె కంట్రోలర్. ఆ ముక్కలోకి వచ్చిన ప్రతి విమానం ఎంత ఎత్తున పోవాలో, ఎటు తిరగాలో ఆమె చెబుతుంది, పైలట్ ఆ మాటని తిరిగి చదివి ఒప్పజెబుతాడు. ఒప్పజెప్పితేనే చెప్పినట్టు లెక్క.

ఆ మధ్యాహ్నం తూర్పువైపంతా మబ్బులు కమ్మాయి. ఒకడు ఎడమగా పోతానంటాడు, ఇంకొకడు కుడిగా పోతానంటాడు. రెండు గంటలుగా ఆమె కుర్చీలోంచి లేవలేదు. పొద్దున తాగిన సీసాడు నీళ్ళు తమ పని తాము చేస్తున్నాయి. కాలుమీద కాలేసుకుని, పళ్ళు బిగబట్టుకుని మాట్లాడుతోంది. ఇలాంటి కష్టాన్ని గురించి శిక్షణలో ఎవరూ పాఠం చెప్పరు.

అప్పుడే ఆకాశంలో పక్క ముక్కని చూసే సెక్టార్ నుంచి ఫోను వచ్చింది. ఒక సరుకుల విమానాన్ని ముప్పై మూడు వేల అడుగుల ఎత్తున పంపుతామన్నారు. అదే ఎత్తున నూట ఎనభై మందితో ఇంకో విమానం ఆ దారికి అడ్డంగా వస్తోంది. రెండింటి మధ్యా పక్కకి అయిదు మైళ్ళయినా ఉండాలి, ఎత్తులో వెయ్యి అడుగులైనా ఉండాలి. ఇంకా చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి పంపమంది, రాగానే ముప్పై అయిదు వేలకి ఎక్కిస్తానంది. సరుకుల పైలట్ పలకరించాడు. ఆమె బదులు పలకరించి, రాడార్ తెరమీద అతని విమానం చుక్క పక్కన ముప్పై అయిదు అని కొట్టింది. అంతలో మబ్బుల దగ్గరున్న పైలట్ ఒకడు కంగారుగా దారి అడిగాడు. వాడికి దారి చెప్పింది. వాడి వెనకే ఇంకొకడు.

బాబాయ్ వచ్చి భుజం వెనక నిలబడేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. గదిలో అందరికంటే పెద్దవాడు, ఆమెకి పని నేర్పినవాడు, అందరికీ బాబాయే. ఆమె గడగడా వివరాలు అప్పగించింది. మబ్బులు ఇక్కడ, వీళ్ళిద్దరూ ఇటు తిరుగుతున్నారు, సరుకులవాడు ముప్పై అయిదుకి వెళ్తున్నాడు. బాబాయ్ తెరమీద అంకె చూసుకుని తలూపి, సీటు నాది అన్నాడు. సీటు దిగినవాళ్ళు అయిదు నిమిషాలు వెనకే నిలబడి చూడాలని ఆ గదిలో ఆనవాయితీ. ఆమె ఇబ్బందిగా మొహం పెట్టింది. ఆయన నవ్వి, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

చేతులు కడుక్కుని, తడి చున్నీకి తుడుచుకుంటూ తలుపు తోసేసరికి అలారం మోగుతోంది.

తెరమీద రెండు చుక్కలు ఎర్రగా మెరుస్తున్నాయి. సరుకుల విమానం ముప్పై అయిదు వేలకి ఎక్కలేదు, ముప్పై మూడు దగ్గరే ఉంది. రెండోది కూడా అంతే. బాబాయ్ ఒకణ్ణి కుడికి తిప్పుతున్నాడు, గొంతులో వణుకు లేదు కానీ మెడమీద చెమట కారుతోంది. ఆయన మాట పూర్తి కాకుండానే ఇద్దరు పైలట్లూ ఒకరి తర్వాత ఒకరు పలికారు. తమ విమానంలోని హెచ్చరిక యంత్రం ఆజ్ఞ ఇస్తోందనీ, దాని మాటే వింటున్నామనీ అన్నారు. యంత్రం ఆజ్ఞ ఇస్తున్నప్పుడు కంట్రోలర్ ఇక ఎత్తు గురించి నోరు మెదపకూడదు. బాబాయ్ సరేనని ఊరుకున్నాడు.

ఆ తెర నాలుగు సెకన్లకోసారి కొత్త బొమ్మ వేస్తుంది. మొదటి బొమ్మలో చుక్కలు దగ్గరయ్యాయి. రెండో బొమ్మలో ఒకదాని అంకెలమీద ఇంకొకదాని అంకెలు పడి, ఎవడు పైకి పోతున్నాడో ఎవడు కిందికి పోతున్నాడో చదవడానికి వీల్లేని ఎర్రటి ముద్ద మిగిలింది. మిగతా పైలట్లు కూడా మాట్లాడటం మానేశారు. ఆమె బాబాయ్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ పేరూ గుర్తు రాలేదు. మూడో బొమ్మ కూడా అలాగే ఉంది. ఒక్క చుక్కే ఉన్నట్టుంది.

నాలుగో బొమ్మలో రెండు చుక్కలు కనిపించాయి.

కాసేపటికి సరుకుల పైలట్ పలికాడు. దాటిపోయామన్నాడు. ఎదుటి విమానం కిటికీలు కనిపించాయన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

బాబాయ్ స్థానంలో వేరేవాళ్ళని కూర్చోబెట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జి ఇద్దరినీ తన గదికి తీసుకెళ్ళాడు. రెండు విమానాల మధ్యా ఎత్తులో మూడువందల అడుగులు మిగిలాయన్నాడు. ఆమెకి కోపం పొంగుకొస్తోంది. ఎక్కమని తను చెప్పింది. వాడు ఒప్పజెప్పాడు. ఒప్పజెప్పి ఎక్కలేదు. ఏం చేస్తున్నాడు ఆ మనిషి, కునుకు తీస్తున్నాడా?

"ముప్పై అయిదుకి ఎక్కుతున్నానని నాకు జవాబిచ్చాడు సార్. చిన్నగా దగ్గి మరీ చెప్పాడు," అంది బల్ల గుద్ది.

ఆమె జ్ఞాపకశక్తి సంగతి ఇన్‌చార్జికీ తెలుసు. మారుమాట్లాడకుండా సరుకుల కంపెనీకి ఫోను చేశాడు. దిగగానే ఆ పైలట్‌ని పని నుంచి పక్కకి పెడతామనీ, రికార్డింగ్ విని ఖాయం చేయమనీ వాళ్ళన్నారు. బాబాయ్ కలం తీశాడు. ఎక్కుతున్నాడో లేదో తను చూసుకోవాల్సిందనీ, మబ్బుల గోలలో చూడలేదనీ కాగితంమీద రాసి సంతకం పెట్టాడు.

రికార్డింగ్ పెట్టారు. పక్క సెక్టార్ ఫోను వినిపించింది. పంపమన్న ఆమె మాట వినిపించింది. సరుకుల పైలట్ పలకరింపు, ఆమె పలకరింపు. తర్వాత కీబోర్డుమీద రెండు మీటల చప్పుడు. వెంటనే మబ్బుల దగ్గరవాడి కంగారు, ఆమె జవాబు, రెండోవాడు, ఆమె జవాబు, ఆపైన సీటు నాది అన్న బాబాయ్ గొంతు.

"మధ్యలో కొంత పోయింది సార్. మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. ఏమీ పోలేదు. రికార్డింగ్ పక్కనే దాని గడియారం సెకన్లు తెగకుండా నడుస్తోంది. చప్పుడైన రెండు మీటలూ మూడూ, అయిదూ. రాసింది. చెప్పలేదు. దగ్గూ లేదు, జవాబూ లేదు.

అబద్ధమాడిన భయం వేరు, ఇది వేరు. తన పిల్లలమీద ఒట్టేసి చెప్పి ఉండేది, అంత స్పష్టంగా విన్నది. పదకొండేళ్ళలో ఇలా ఎన్నిసార్లు విన్నదో, ఆ రోజుల్లో ఎదురుగా ఇంకో విమానం రాకపోబట్టి ఎన్నిసార్లు బతికిపోయారో. మొగుడు అన్నాడని తను నిలదీసిన మాటలు, అసలు ఆయన అన్నాడా?

ఇన్‌చార్జి ఫోను తీశాడు. ఆమె చెయ్యి చాచింది.

"నేనే మాట్లాడతాను సార్."

స్పీకర్ పెట్టి, అవతల కంపెనీ మనిషికి తన పేరూ లైసెన్స్ నంబరూ చెప్పింది. మీ పైలట్‌కి నేను ఎక్కమని చెప్పలేదు, చెప్పాననుకున్నాను, అతని తప్పేమీ లేదు అంది. అవతలాయన ఆ మాటని తిరిగి తనకి ఒప్పజెప్పేదాకా ఫోను పెట్టలేదు. ఒప్పజెప్పాక కూడా, నిజంగానే ఒప్పజెప్పాడా అని ఇన్‌చార్జిని అడిగింది. ఆయన తలూపాడు.

వరండాలోకొచ్చాక బాబాయ్ ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు. తాగలేదు.

"అందరూ క్షేమంగా దిగారమ్మా," అన్నాడాయన. "ఇంటికెళ్ళి పడుకో."

"బాబాయ్," అంది ఆమె, "నాకా పైలట్ జవాబు ఇంకా వినపడుతోంది."