సంచి పదిలం

మా ఆయన కెమెరాకి బీమా ఉంది. నాకు లేదు. ఈ సంగతి తలుచుకుంటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇప్పుడూ ఎక్కుతోంది.

ఆయన ఫోటోగ్రాఫరు. నేను బట్టలు కత్తిరిస్తాను. మా టైలరు షాపులో కుట్టేవాళ్ళు వేరే ఉన్నారు కానీ, మందపాటి కోటు గుడ్డయినా, చేతిలోంచి జారిపోయే సిల్కయినా కత్తెర పెట్టేది నేనే. ఇద్దరం ఏళ్ళ తరబడి ఒళ్ళు వంచి పనిచేశాక, మంచుకొండలు చూద్దామని మొదటిసారి దేశం దాటే ప్రయాణం పెట్టుకున్నాం.

టికెట్ల ఆఫీసులో అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది. అక్కడ చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రి ఖర్చు బయటినుంచి వెళ్ళినవాళ్ళు తట్టుకోలేరట. ప్రయాణ బీమా ఉంటే కంపెనీవాళ్ళే ఆసుపత్రితో మాట్లాడతారట, లేవలేని పరిస్థితి వస్తే ఇంటికి కూడా చేరుస్తారట. పాత జబ్బులుంటే దాచకుండా చెప్పమంది, ఏవి వర్తించవో చదువుకున్నాకే సంతకం పెట్టమంది. ఇంత వివరంగా మా పెళ్ళి సంబంధం గురించి కూడా మాకెవరూ చెప్పలేదు.

మా ఆయన ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశారు. కెమెరాకీ లెన్సులకీ మాత్రం ఆ అమ్మాయి అడక్కుండానే బీమా చేయించారు. పోయినా, తడిసినా, పగిలినా కొత్తవి ఇస్తారని కాగితం నాకు చదివి వినిపించారు కూడా. మరి మనకో అని అడిగాను.

"బయల్దేరేముందు ఆ పాడు మాటలేమిటే? మనకేమవుతుంది, గుండ్రాళ్ళలా ఉన్నాం" అన్నారు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "కెమెరా అంటే అన్నం పెట్టే వస్తువమ్మా" అని చెప్పారు.

నా చెయ్యేదో ఊరికే భుజానికి వేలాడుతున్నట్టు! ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కంప్యూటర్లోకి తల దూర్చేసింది. నేనూ నలుగురిలో గొడవెందుకని నోరు నొక్కుకున్నాను.

కొండల్లోకి వెళ్ళాక ఆయనగారు ఆకాశం వైపూ శిఖరాల వైపూ చూస్తూ నడవాలి కనక కెమెరా సంచి నాకు అంటగట్టారు. పొద్దున లేచింది మొదలు "సంచి జాగ్రత్త" అనే మాటే. మెట్టెక్కితే సంచి జాగ్రత్త, బస్సు దిగితే సంచి జాగ్రత్త. నువ్వు జాగ్రత్త అని ఒక్కసారి నోరు జారి కూడా అనలేదు.

హోటలు వెనక రాతి మెట్లున్నాయి. రాత్రి పడ్డ మంచు వాటి మీద గాజులా గడ్డకట్టింది. నేను ఒక చేత్తో సంచి, ఒక చేత్తో పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని దిగుతున్నాను. కాలు జారింది. బుద్ధున్న మనిషైతే సంచి వదిలేసి కమ్మీని రెండు చేతులా పట్టుకుంటుంది. నా చెవుల్లో ఆ పొద్దుటి పాట ఇంకా మోగుతూనే ఉంది కదా, నేను కమ్మీ వదిలేసి సంచిని పొట్టకి అదుముకున్నాను. పైన సంచి, కింద రాయి, మధ్యలో నా కుడి మణికట్టు.

అన్యాయంగా చెప్పకూడదు, ఆయన పరిగెత్తుకొచ్చి ముందు నన్నే లేపారు. సంచి జిప్పు ఆ తర్వాతే తీసి చూశారు. ఒక్క గీత పడలేదు.

డాక్టరు ఎక్స్‌రే చూపించి ఎముక ముక్కలైందని చెప్పాడు. ఆపరేషను చేసి ప్లేటు వెయ్యాలి, అదీ వెంటనే వెయ్యాలి, ఆలస్యమైతే మణికట్టు బిగిసిపోతుంది అన్నాడు. నేను కత్తెర పట్టే మనిషినని చెప్పించాను. అయితే అసలు ఆగకూడదన్నాడు. కౌంటర్లో ఉన్నావిడ బీమా ఉందా అని అడగ్గానే మా ఆయన ఉందంటూ ఆ కాగితం తీసిచ్చారు. ఆవిడ పైనుంచి కిందిదాకా చదివి, ఇందులో పేషెంటు లేదు, కెమెరా ఉంది అని వెనక్కి ఇచ్చేసింది. నాకు నొప్పి కంటే సిగ్గెక్కువైంది, సిగ్గు కంటే ఒళ్ళుమంట ఎక్కువైంది.

అక్కడితో ఆగారా! ఆ కాగితం మీదున్న నంబరుకే ఫోను చేశారు. అవతలివాళ్ళు వెంటనే ఎత్తారు, ఎంతో మర్యాదగా వస్తువుకి ఏం జరిగిందని అడిగారు. వస్తువు బాగానే ఉంది, మా ఆవిడ చెయ్యే విరిగింది అని ఈయన నీళ్ళు నమిలారు. వస్తువు క్షేమంగా ఉన్నందుకు సంతోషం సర్, అని వాళ్ళు పెట్టేశారు.

ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. అంత డబ్బు ఎవరూ సర్దలేకపోయారు. తిరుగు టికెట్లు ముందుకి జరుపుకుని ఇంటికెళ్ళిపోదామన్నా సెలవుల రద్దీకి సీట్లు లేవు. అప్పుడు నేనే, కెమెరా అమ్మెయ్యమన్నాను. ఆయన సంచి వైపు చూశారు, నా కట్టు వైపు చూశారు, మళ్ళీ సంచి వైపు చూశారు. ఆ రెండోసారి చూసిన చూపుని నేను ఈ జన్మలో క్షమించను.

పాత కెమెరాలు కొనే షాపులు సెలవులకి మూసేశారు. తెరిచాక బేరాలు. డబ్బు చేతికొచ్చి ఆపరేషను అయ్యేసరికి వెంటనే అన్న మాటకి అర్థం లేకుండా పోయింది. కట్టు విప్పాక డాక్టరు తిప్పమంటే వేళ్ళు కదిలాయి, మణికట్టు కదల్లేదు. ఇంతకంటే పెద్దగా రాదన్నాడు. కత్తెర అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

ఆ సాయంత్రం మా ఆయన మంచం పక్కన కూర్చుని నాకు సూపు పట్టిస్తున్నారు. మనిషి కాస్త తేలికపడ్డట్టే ఉన్నారు.

"ఒకందుకు మంచిదేలే" అన్నారు. "నువ్వు సంచిని కాపాడావు కనక సరిపోయింది. అదే పగిలిపోయుంటే ఏం అమ్మేవాళ్ళం చెప్పు?"

నేను చెంచా పక్కకి నెట్టేశాను.

"పగిలిపోయుంటే వాళ్ళు కొత్తది ఇచ్చేవాళ్ళండీ. నా చెయ్యి నాకుండేది."