తిరుచానూరు సందులో పడవ

టర్కీ వెళ్ళి పడవ ఎక్కడానికి కొద్ది రోజుల ముందు మునికుమార్ చనిపోయాడు. పోయినవాడు ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు. అయ్యవారు పంచాంగం చూసి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నాడు. అంటే తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వెళ్ళిపోవాలి.

ఎక్కడికన్నది అతని భార్య మోహనను ఎవరూ అడగలేదు. కర్మంతరం రోజే ఆమె బావ, మునికుమార్ అన్న మునిరామయ్య చెప్పేశాడు.

"పూతలపట్టుకు వచ్చేయమ్మా. మిద్దె మీద గది ఖాళీగానే ఉండాది."

"ఆడినుంచి శ్రీ సిటీకి ఎట్లా పోయేది బావా?"

"ఇంకా ఉద్యోగం ఎందుకు? ముందు ఈ దోషం పోనీ."

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో మోహన సూపర్‌వైజరు. పూతలపట్టు నుంచి రోజూ అంత దూరం కుదరదు. ఆ గదిలోకి ఇదివరకు మొగుడు పోయిన మునిరామయ్య మేనత్త ఒకామె వెళ్ళింది. ఆమె వెళ్ళిందీ ఆరు నెలలకే. దిగింది మాత్రం పాడె మీద.

పడవ మునికుమార్ ముచ్చట. ఘాట్ రోడ్డులో ట్యాక్సీ తిప్పీ తిప్పీ నడుము పోగొట్టుకున్న మనిషి. "నడిపేదీ వాళ్ళే, వండేదీ వాళ్ళే. మనం కాళ్ళు చాపుకోని కూసోవడమే" అని టర్కీలో ఒకదాన్ని వారానికి మాట్లాడాడు. తర్వాత ఆ ఏడుపుల్లో దాన్ని రద్దు చేయాలని ఎవరికీ తోచలేదు. అందుకని పడవే తిరుచానూరుకు వచ్చింది.

పూతలపట్టుకు సామాను ఎక్కించాల్సిన రోజు పొద్దున సందు నిండా అదే ఉంది. తేనెరంగు చెక్క, కరెంటు తీగల పక్కనుంచి పైకి లేచిన రెండు తెరచాప కొయ్యలు. కింద చుక్క నీళ్ళు లేవు, సిమెంటు రోడ్డే. అయినా మెల్లగా ఊగుతోంది.

పూలమ్మే చెంగమ్మ గంపతో వచ్చి ఆగింది. "ఏమ్మే మోహనా, మీ పడవను రవ్వంత జరపమను. గుడికాడికి పోవాల."

మునిరామయ్య తెచ్చిన లారీ సందు మొగదలే నిలిచిపోయింది. "ఎన్నాళ్ళబ్బా ఈడ?" అన్నాడు. కెప్టెన్ వచ్చీరాని ఇంగ్లీషులో, వారానికి ఒప్పుకున్నాం, వారం ఉంటాం అన్నాడు. బండ్లు తిప్పిన కుటుంబం వాళ్ళది. మాట్లాడుకున్న బండిని మధ్యలో పంపడం మునిరామయ్యకు చేతకాలేదు.

"సరే, వారం కానీ. మళ్ళా లారీ తెస్తా."

మోహన ఇంటికి తాళం వేసి, గడప దగ్గర కెప్టెన్ మనుషులు వేసిన పలక మీదుగా పడవలోకి నడిచింది. ఇల్లయితే వదిలింది కదా, తప్పులేదన్నాడు అయ్యవారు.

వంటాయన పూటపూటకూ రెండు కంచాలు పెట్టేవాడు. ఆమె ఒకదాంట్లో తినేది. రెండోది చల్లారాక అతను తీసుకుపోయేవాడు. కింద గదిలో రెండు దిండ్లు. చుట్టాల మధ్య కుదరని ఏడుపు ఆమె అక్కడ ఏడ్చింది.

ఒక సాయంత్రం చెంగమ్మ పైకెక్కి మాల కడుతూ కూర్చుంది.

"దీన్లో కూసుంటే కడుపులో తిప్పతాది మే. మీ ఆయన మంచి పనే పెట్టిపొయినాడు."

"పూతలపట్టుకు పోకుంటే ఏమవుతాదక్కా?"

"ఇంట్లో ఇంకో సావు వస్తాదంటారు."

"ఎవరిది?"

చెంగమ్మ చేతులు ఆగలేదు. "ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివే గదా."

ఆ మాట మోహనను రెండు రోజులు తొలిచింది. భయం వేయలేదని కాదు. ఆలోచించి ఆలోచించి, చావు ఈ ఇంట్లోనా, ఆ మిద్దె గదిలోనా అన్నదొక్కటే తేల్చుకోవాల్సి ఉందని అర్థమైంది.

చివరి రోజు వంటాయన ఎప్పట్లాగే రెండు కంచాలు తెచ్చాడు.

"ఒకటి చాలు" అంది తెలుగులోనే. అతను రెండోది వెనక్కి తీసుకుపోయాడు.

తిని, చెయ్యి కడుక్కుని, పలక మీదుగా దిగి ఇంటి తాళం తీసింది. వారం నాటి దుమ్ము ఊడ్చి దీపం పెట్టింది. బయట లారీ హారన్ మోగితే పడవ వెనక్కి జరిగి దారి ఇచ్చి, రోడ్డు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మునిరామయ్య దీపం చూసి గడప బయటే ఆగాడు. "ఇదేం పనమ్మా?"

"నేను రాను బావా."

"దోషం?"

"నా మీదే గదా. ఉండనీ."

మర్నాడు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కింది. ఆరు నెలలు గడిచాయి, ఆ తర్వాత ఏడాదీ గడిచింది. భయం పోలేదు, ఆమె కూడా ఎక్కడికీ పోలేదు.